పక్కింటావిడ కోసం

ఫోను మోగగానే ఆమె కళ్ళజోడు సవరించుకుని రిజిస్టరు తెరిచింది.

"వందనాలమ్మా. ఎవరి కోసం ప్రార్థించమంటారు?"

చర్చి వాళ్ళు ప్రార్థనల కోసం పెట్టిన ఫోను అది. భర్త పోయాక ఈ పని నెత్తిన వేసుకుంది. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం దాకా కష్టాలే కష్టాలు. ఆపరేషన్లు, కోర్టులు, తాగుబోతు మొగుళ్ళు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి తలుచుకుని, ఏడ్చి మరీ ప్రార్థిస్తుంది. మొక్కుబడి ప్రార్థన ఆమెకు చేతకాదు.

మూడేళ్ళలో వేలమంది ఫోను చేశారు. "మీరెలా ఉన్నారమ్మా?" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. అడిగి అనిపించుకునే మాట కాదు కదా అని ఊరుకుంటుంది.

"మా పక్కింటావిడ కోసమమ్మా," అంది అవతలి అమ్మాయి. పోయిన వారం కూడా చేసిన అమ్మాయే.

"ఇంకా అలాగే ఉందా?"

"అలాగే. ఒక్కరే ఉంటారు. చుట్టాలు కూడా తొంగిచూడరు. రోజంతా ఎవరెవరి పేర్లో చెప్పుకుని తనలో తనే మాట్లాడుకుంటారు, ఏడుస్తారు. మతి చలించిందేమోనని మావారంటారు. గోడలు పల్చన కదా, ఆవిడ చెవిన పడితే బాగుండదని గేటు దగ్గరికొచ్చి మాట్లాడుతున్నా."

ఒంటరితనం మనిషినేం చేస్తుందో ఆమెకు ఒకరు చెప్పాలా? ఆ ముక్కూమొహం తెలియని మనిషి కోసం వెక్కి వెక్కి ప్రార్థించింది.

ఆమేన్ అన్నాక ఒళ్ళు మండింది. "ఇంతకీ తలుపు తట్టావా, లేదా?"

"భయమమ్మా. ఒకసారి మెట్ల మీద నవ్వితే చూడనట్టే వెళ్ళిపోయారు."

"చాల్లే సంబడం! బైబిల్లో ఆ జక్కయ్య పిలిస్తేనే ప్రభువు వాళ్ళింటికి వెళ్ళాడా? అతనెక్కి కూర్చున్న చెట్టు కింద నిలబడి, ఇవాళ మీ ఇంటికే వస్తున్నానని తనే చెప్పాడు. ఊరంతా దూరంపెట్టిన మనిషికి పిలవడానికి నోరెలా వస్తుంది? నీ బదులు ప్రార్థన చేయగలను గానీ, నీ బదులు తలుపు తట్టలేను కదమ్మా. ఇప్పుడే వెళ్ళు."

"కసురుకుంటే?"

"కసురుకోనీ. మళ్ళీ తట్టు."

ఫోను పెట్టేశాక, ఎవరో ఆ పక్కింటావిడ మీద ఆమెకు కాస్త అసూయ కలిగింది. తన కోసం ఇంతగా బెంగపడే మనిషి గోడ అవతలే ఉంది, అదృష్టవంతురాలు అనుకుంది.

రిజిస్టరు మూస్తుండగా తలుపు చప్పుడైంది, వెంటనే ఇందాకటి గొంతే బెరుకుగా వినిపించింది: "ఆంటీ, పక్కింటి అమ్మాయిని... ఒక్కసారి తలుపు తీస్తారా?"