కాలరు పట్టుకునే సీను

"ఈ నాటకం ముచ్చట నాకు మంచిగ అనిపిస్తలేదు" అంది లిడియా, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

ఆమె భర్త దావీదు అద్దం ముందు నిలబడి, చూపుడువేలు కాలర్లోకి దూర్చి లాగుతున్నాడు. వదిలి, మళ్లీ లాగి చూసుకుంటున్నాడు.

లిడియా డబ్బా పక్కన పెట్టి అతని చేతుల వైపు చూసింది. పోయినేడు అచ్యుతరావు సారు కాలరు పట్టుకున్నవి ఆ చేతులే.

ఆ సంగతి గోదావరిఖనిలో తెలియనివారు లేరు. తల్లికి ప్రాణం మీదికొచ్చిందని దావీదు సెలవు అడిగాడు. అనుమానం పెనుభూతమంటారు. అది ముందు పట్టింది అచ్యుతరావునే. బతికున్న తాతను రెండేసిసార్లు చంపి సెలవు పెట్టేవాళ్లను చూసీ చూసీ విసిగిపోయిన అధికారి ఆయన.

"ఎన్నోసారయ్యా మీ అమ్మ చావడం?" అన్నాడు.

దావీదు షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి తల్లి లేదు. మర్నాడు గని దగ్గర అందరూ చూస్తుండగా ఆయన కాలరు పట్టుకుని ఊపేశాడు. సస్పెండ్ చేశారు. యూనియన్ వాళ్లు కాళ్లావేళ్లా పడితే మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు కానీ, ఇంకోసారి చెయ్యి లేస్తే ఉద్యోగం ఊడినట్టేనన్నారు. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. కూతురు సారిక చదువూ అటకెక్కుతుంది.

అప్పట్నుంచి ఆ గనిలో ఆఫీసర్లూ కార్మికులూ ఉప్పూ నిప్పూ. ఎదురుపడితే నమస్తే కూడా లేదు.

అలాంటి చోటికి వెల్ఫేర్ ఆఫీసరుగా కొత్తగా వచ్చిన కృష్ణప్రియ, రెండు పక్షాలనూ కలిపి నాటకం ఆడిస్తానంది. జరిగిన కథే నాటకమట. దావీదు వేషం కట్టాలట, అచ్యుతరావూ కట్టాలట. మే నెల ఎండకు ఈ పిల్లకు మతి చలించిందనుకున్నారు జనం. విచిత్రం, ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ ఒప్పుకోవడమే లిడియాకు మింగుడుపడటం లేదు.

"అండ్ల కాలరు పట్టుకునే సీను గూడ ఉన్నదా?"

"ఉన్నది."

"జెర సోయి ఉండాలె. నిజంగనే పట్టుకున్నవనుకో, అందరూ సాక్ష్యమే. పులి నోట్ల తలకాయ పెడుతున్నవయ్యా!"

"పులి గాదే. గాయన గూడ మనిషే" అన్నాడు దావీదు, చెప్పులు తొడుక్కుంటూ.

ఏడాదిగా ఆ మనిషి పేరెత్తితే చాలు ఉమ్మేసేవాడు ఈ మాట అన్నాడంటే, లోపల ఇంకేదో ఉందన్నమాటే. భూతం ఇప్పుడు లిడియాను పట్టుకుంది.

దానికి సాంబ్రాణి పొగ వేసింది పక్కింటి పూలమ్మ.

"చెల్లే, చెప్పొద్దనుకున్న గని చెప్తున్న. నిన్న మీ ఆయన మార్కెట్ల అచ్యుతరావు సారు ఎంబడి పడ్డడు. సారు నడిస్తె నడుసుడు, సారు ఆగితె ఆగుడు. నాకైతే భయమైంది."

అవతలివాడు మాత్రం తక్కువ తిన్నాడా! ఆదివారం చర్చి నుంచి వస్తూ లిడియా కళ్లారా చూసింది. హోటల్ ముందు దావీదు దోస్తులతో చాయ్ తాగుతున్నాడు. రోడ్డుకు ఇవతల కారు ఆపుకుని అచ్యుతరావు. ఉక్కకు వేలితో కాలరు వదులు చేసుకుంటూ, రెప్ప వేయకుండా దావీదునే చూస్తున్నాడు. దావీదు దగ్గితే ముందుకు వంగి మరీ చూశాడు.

లిడియాకు అంతా అర్థమైపోయింది. నాటకం ఒట్టి సాకు. పదిమంది ముందు సారు రెచ్చగొడతాడు, ఈ పిచ్చి మనిషి చెయ్యెత్తుతాడు. అంతే, బతుకు బజారున పడుతుంది.

మంగళవారం బీరువా మీద దావీదు పాత హెల్మెట్ కనిపించలేదు.

"ఏది?"

"ఒకలకిచ్చిన."

"ఎవలకు?"

దావీదు టిఫిన్ డబ్బా అందుకుని డ్యూటీకి పోయాడు. ఆ సాయంత్రం అట్నుంచి అటే రిహార్సల్‌కు పోయాడు. లిడియా ఇంట్లో కూర్చోలేకపోయింది. కొంగు బిగించి, కమ్యూనిటీ హాలు దారి పట్టింది. తలుపు వేసి ఉంది. లోపల పెద్ద కూలరు రొద పెడుతోంది. తలుపుకు చెవి ఆనించింది.

"ఎన్నోసారయ్యా మీ అమ్మ చావడం?"

అవే మాటలు. అదే కోస్తా యాస, అదే ఎత్తిపొడుపు. ఏడాదైనా ఆ మనిషి వెంట్రుకవాసి మారలేదు. లిడియాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వెనకే దగ్గు. బొగ్గు దుమ్ము తిన్న దగ్గు. పెళ్లయిన నాటి నుంచి ఆమె వింటున్నదే.

"మా అవ్వ నా పేరు పిలుసుకుంట పానం ఇడిసింది సారూ! దర్వాజ దిక్కే చూసిందట సారూ... నేనొస్తనని!"

గొంతు పగిలిపోయింది. కుర్చీ ఎగిరిపడిన చప్పుడు. చొక్కా పర్రున చిరిగిన చప్పుడు. అయిపోయింది, అనుకుంది లిడియా. తలుపును గట్టిగా పట్టుకుంది. "ప్రభువా, ఆయన చెయ్యి ఆపు" అని గొణిగింది.

దెబ్బ చప్పుడు వినిపించలేదు. అవతలి గొంతు, నెమ్మదిగా:

"తప్పు నాదేనయ్యా. నిన్ను నమ్మలేదు. నన్ను క్షమించు."

లిడియా తన చెవులను తానే నమ్మలేదు. అచ్యుతరావు సారేనా! లోపల ఒక మగమనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. తల్లిని మట్టిలో పెట్టిన రోజు కూడా ఏడవని తన మనిషి ఇప్పటికి ఏడుస్తున్నాడు. దగ్గరికి తీసుకుందామని ఒక్క ఉదుటున తలుపు తోసింది.

దావీదు పాత హెల్మెట్ తన నెత్తిన పెట్టుకుని, ఎదుటి మనిషి కాలరు పట్టుకునే భోరుమని ఏడుస్తున్నది అచ్యుతరావు. సారు వేషంలో క్షమించమని అడిగి, ఆయన వీపు నిమురుతున్నది దావీదు.