మనం ఎక్కకుండా వెళ్లదు

కిందటేడు ఫిబ్రవరి పద్నాలుగో తేదీ మీనాకుమారికి బాగా గుర్తు. సరిగ్గా ఇలాగే జంక్షన్ బయట ఆగిపోయిన రైల్లో కూర్చుని, చల్లారి తోలులా సాగుతున్న పెసరట్టు తింటూ, కూతురి డాన్సు ఫోన్లో చూసింది. పాప చెయ్యి పైకెత్తిందో లేదో, సిగ్నల్ అందక బొమ్మ అక్కడే బిగుసుకుపోయింది. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించిందో ఆ తల్లి ఇప్పటికీ చూడలేదు.

ఇవాళ మళ్లీ స్కూలు వార్షికోత్సవం. మళ్లీ అదే రైలు, అదే చోట ఆగింది. జంక్షన్లో దిగి తణుకు ప్యాసింజరు అందుకోవాలి. అది పోతే ఆ తర్వాత బండి చేరేసరికి స్కూల్లో కుర్చీలు ఎత్తేస్తుంటారు.

“ఎందుకు ఆపాడో ఒక్కడైనా చెబుతాడా?” అని కిటికీలోంచి మెడ బయటికి పెట్టింది. ఎర్ర దీపం తప్ప ఏమీ కనబడలేదు.

“గేదె అడ్డమొచ్చిందంటండి,” అన్నారొకరు.

“గేదె కాదు, ఎవరో పెద్దాయన స్పెషల్ వెళ్తోంది,” అన్నారు ఇంకొకరు.

ఎదుటి సీటులో పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. రాజమండ్రిలో ఎక్కినప్పుడే ఆమెకి కిటికీ పక్క చోటిచ్చిన మనిషి. పేరు జోగేశ్వరరావన్నాడు. ఒళ్లో నల్లసంచి, కాళ్లకి బరువైన బూట్లు. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీస్తుంటే రెండు కళ్లజోళ్లు బయటపడ్డాయి. మీనాకుమారి పనిచేసేది రాజమండ్రిలో కళ్లజోళ్ల షాపులోనే. ఇంత చిరాకులోనూ ఆమె కన్ను వాటిమీదే పడింది.

“రెండూ ఒకటే పవరు కదండీ? ఒకటి దగ్గరికీ ఒకటి దూరానికీ కాదే?”

“దూరానికేనమ్మా, రెండూనూ. ఒకటి పగిలితే ఇంకోటుండాలి. ముందునుంచీ అలవాటు.” పులిహోర ఆమె ముందుకు జరిపాడు. “తీసుకో. నేనే చేశాను. మా ఇంటావిడ పోయి మూడేళ్లయింది. పోపు మాడకుండా వెయ్యడం ఈ మధ్యే వచ్చింది.”

వద్దనలేక నోట్లో వేసుకుంది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

ఆయన ఫోన్ మోగింది. “ఆ... ఔటర్లోనే ఉన్నామండి. నేనేం చెయ్యగలను, దిగి తొయ్యమంటారా? వాళ్లని కాస్త ఓపిక పట్టమనండి.” పెట్టేసి, చెమట తుడుచుకున్నాడు. మోకాలు ఒకటే ఊపుతున్నాడు.

“ఫంక్షనాండీ?” అంది మీనాకుమారి.

“అలాంటిదే. చాలామంది నా కోసం చూస్తున్నారు. నేను వెళితేగాని మొదలవదు.”

పెళ్లిపెద్ద కాబోలనుకుంది. ఇంతలో భర్త మురళీకృష్ణ ఫోన్. “పాపకి మేకప్ అయిపోయింది. అమ్మేదీ అని ఏడుపు. కాటుక కారిపోతోంది. బతిమాలితే టీచరుగారు దాని ఐటమ్ ఆఖర్న పెట్టారు. ఎక్కడున్నావ్?”

“ఎక్కడుంటాను, పోయినేడు ఉన్నచోటే!”

ఫోన్లో యాప్ తెరిచింది. తణుకు ప్యాసింజరు సరైన వేళకే బయల్దేరిపోయిందని పచ్చగా చూపించింది. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పోయిందండీ. అయిపోయింది.”

“పోలేదమ్మా.”

“ఇదిగో, యాప్లో ఉంది!”

“యాప్లో పోయుంటుంది. పట్టాలమీద పోలేదు. మనం ఎక్కకుండా వెళ్లదులే.”

“మీరేమైనా రైల్వే మంత్రా?” అనేసి, నాలిక్కరుచుకుంది. ఆయన నవ్వాడు.

ఉండబట్టలేక, జంక్షన్నుంచి రోజూ అదే బండెక్కే పావనికి ఫోన్ చేసింది.

“ఇక్కడే చచ్చింది వదినా!” అంది పావని. “ఎందుకు ఆపారో చెప్పరు, ఎప్పుడు తీస్తారో చెప్పరు. చింతిస్తున్నామని మాత్రం మైకులో తెగ చెబుతున్నారు. జనం స్టేషన్ మాస్టారి గదిమీద పడ్డారు. నీకు సీటుకి కర్చీఫ్ వేశాను, పరిగెత్తుకురా.”

మీనాకుమారికి ప్రాణం లేచొచ్చింది. “ఉందటండీ! మీ నోటి చలవ!”

“చెప్పానుగా. నువ్వు పాప డాన్సు చూస్తావు. పూచీ నాది.”

అప్పుడు కదిలింది రైలు. ప్లాట్‌ఫారం రాగానే మీనాకుమారి దూకినంత పనిచేసి, వంతెన మెట్లు రెండేసి ఎక్కి, అటువైపు దిగింది. పావని చెయ్యి పట్టి ముందు పెట్టెలోకి లాగింది. కిటికీ దగ్గర కూలబడి చూస్తే, జోగేశ్వరరావు వంతెన మెట్లు దిగుతున్నాడు. అంతమంది ఎదురుచూస్తున్న మనిషి, ఆ నిదానపు నడకేమిటో! పైగా తిన్నగా వచ్చి ఎక్కకుండా, జనాన్ని తప్పించుకుంటూ స్టేషన్ మాస్టారి గదిలోకి వెళ్లాడు.

“అయ్యో, ఈయన కూడా ఇప్పుడే దెబ్బలాటకి వెళ్లాలా?” అంది మీనాకుమారి.

ఆయన బయటికొచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. దూరంగా సిగ్నల్ పచ్చబడింది. జనమంతా తోసుకుంటూ పెట్టెలెక్కేశారు. ఆయనొక్కడే సంచి పట్టుకుని, తెరిచి ఉన్న తలుపులన్నీ దాటుకుంటూ వస్తున్నాడు.

“బాబాయ్ గారూ, ఇటు! ఇక్కడ చోటుంది. పచ్చదీపం పడిందండీ, వెళ్లిపోతుంది!”

“మనం ఎక్కకుండా వెళ్లదమ్మా,” అంటూ ఆమె కిటికీని కూడా దాటిపోయాడు.

“అటు ఇంక పెట్టెల్లేవండీ!” అని కేకేసింది.

ఆయన ఇంజనెక్కి నెమ్మదిగా తలుపు వేసుకున్నాడు.