క్యారియర్ మూత

జూన్ 9. ఉతికినవి రెండు బకెట్ల బట్టలు, బూజు దులిపినవి రెండు గదులు, కట్టిన క్యారియర్ ఒకటి.

మ్యూజియంలో కాపలా కాసే మా ఆయన మధ్యాహ్నమే ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికొచ్చారు. ఆయనకు భోజనం తీసుకెళ్లిన మా అమ్మాయే, భూమి వేడెక్కిపోతోందని అరుస్తూ, పాత చిత్రం మీద క్యారియర్‌లో తెచ్చిన టమాటా గుజ్జు కుమ్మరించిందట.

"క్యారియర్ తెరిచి చూడలేదా?"

"మనింటి క్యారియర్‌కి కూడా సోదా ఏంటే?"

సాయంత్రం పోలీసులు వదిలేశాక అమ్మాయి వచ్చింది. గుమ్మంలోనే నిలదీశాను.

"లోకాన్ని కాపాడతానని మన కొంప ముంచావు కదే! కన్నతండ్రినే మోసం చేస్తావా?"

"మోసమేంటమ్మా? నాన్న మూత తీసి చూశారు. మళ్లీ పెట్టేసి, 'అద్దం ఉన్న బొమ్మ మీదే పొయ్యవే' అన్నారు."

"అద్దమైతే తుడిస్తే పోతుంది కదా అని..." నసిగారు ఆయన.

భోజనాలకు రెండే కంచాలు పెట్టాను. ఆయన వంతు ఆ బొమ్మ తినేసింది. బాకీ చెల్లు.