వెనక వచ్చే సైకిలు

"మూడు విజిల్స్‌కి దించమంటే పప్పంతా మాడబెట్టినావు గదా!"

మునిలక్ష్మమ్మ కుక్కర్‌ను ఠంగుమని గట్టు మీద పెట్టింది.

"ఒక్కటే వచ్చింది. నేను ఈడే కూచోనుండాను," అన్నాడు కేశవప్ప పేపరు మడుస్తూ.

"ఏడొచ్చినాయి. పక్కింటి రంగమ్మ గోడ మీంచి అరిచింది."

"రంగమ్మకు లెక్కలు రావు."

కోడలు రేణు నవ్వు ఆపుకుంది. కొడుకు మోహన్‌కుమార్ మాత్రం నవ్వలేదు.

"నాయనా, కృష్ణగిరిలో మంచి చెవి డాక్టరుండాడు. ముందు చెవులు చూపించుకో. ఆ తర్వాతే సైకిలు."

కేశవప్ప పేపరు పక్కన పడేశాడు.

"నా చెవులకేమొచ్చింది? చీమ నడిచినా వినబడతాది నాకు!"

రిటైరైన ఏడాదే షుగరు బయటపడింది. డాక్టరు నడవమన్నాడు, మోకాళ్ళు వద్దన్నాయి. అప్పుడు గొడ్లపాకలో దుమ్ము కొట్టుకుపోయిన పాత సైకిలు గుర్తొచ్చింది.

ఇరవై రెండేళ్ళు హోసూరు ఫ్యాక్టరీలో రేకులు నొక్కే మిషన్ల మధ్య నిలబడిన మనిషి. యాభై తొమ్మిదో ఏట, మత్తిగిరి దిగుడులో తొక్కకుండా సర్రున జారుతూ, చలిగాలికి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తనలో తానే నవ్వుకున్నాడు.

చెవులు సరిగా లేవని ఒప్పుకుంటే ఆ దిగుడు పోతుంది. అందుకే ఒప్పుకోలేదు.

"సరే పో. రోడ్డు ఓరంగా పో. నడిమధ్యలో పోవద్దు!" వీధంతా వినబడేలా అరిచింది మునిలక్ష్మమ్మ. రోజూ చెప్పే మాటే.

దారిలో ఉన్న చిక్కల్లా వెనక వచ్చే సైకిలే.

ఎవడో కంబళి కప్పుకున్న మనిషి. దాటి ముందుకు పోడు, వెనకబడి ఆగిపోడు. పైగా ఉండుండి ఏదో అరుస్తాడు. మూడో రోజుకు కేశవప్పకు ఆ మాట చిక్కింది.

'ఒరే... పో!'

బ్రేకు నొక్కి కాలు కింద ఆనించాడు.

"ఎవర్రా నువ్వు?"

ఆ మనిషి గబుక్కున సైకిలు దిగాడు. "అంజినప్ప, అప్పా. గొర్రెలోళ్ళము. ఇప్పుడు పూలతోట షెడ్డులో కాపలా ఉండాను."

"గొర్రెలు కాసేవాడివి, నన్ను ఒరే అంటావా?"

"నేనా అప్పా?"

అంజినప్ప రోడ్డు వైపు చెయ్యి చూపించి ఇంకా ఏదో చెప్పాడు. పెదాలు కదలడమే తెలిసింది కేశవప్పకు.

"చాల్లే, వినబడింది. ఇంకోసారి నోరెత్తినావంటే బాగుండదు!"

మర్నాటి నుంచి అంజినప్ప నోరెత్తలేదు. అలాగని వదిలిపోనూ లేదు. వెనక వచ్చేవాడు కాస్తా కుడిపక్కకు వచ్చి, హ్యాండిలుకు హ్యాండిలు తగిలేంత దగ్గరగా తొక్కసాగాడు.

"ఆ గొర్రెలోడు అంజినప్ప, నన్ను ఒరే అన్నది చాలక నాతో సమానంగా తొక్కుతాడంట!" ఇంటికొచ్చి మండిపడ్డాడు కేశవప్ప.

"తొక్కనీ. రోడ్డు మీ నాయన వేయించినాడా?" అంది మునిలక్ష్మమ్మ.

శుక్రవారం తిరుగుదారిలో, ఉన్నట్టుండి ఒక చెయ్యి అతని భుజాన్ని బలంగా తోసింది.

సైకిలు తూలి మట్టిలోకి దిగింది. పడబోయి నిలదొక్కుకున్నాడు. చుట్టూ దుమ్ము లేచింది.

ఇంత పొగరా!

తిరిగి చూస్తే అలుసైపోతానని చూడలేదు. పళ్ళు నూరుకుంటూ ఇంటిదాకా తొక్కాడు.

ఆ తర్వాత మూడు రోజులు పక్కన ఎవరూ రాలేదు. నాలుగో రోజు హాయిగా దిగుడు జారి, గంగప్ప టీ కొట్టు ముందు ఆగాడు.

"ఆ కంబళోడు కనబడ్డం లేదే గంగప్పా? బుద్ధొచ్చినట్టుంది."

టీ పోస్తున్న గంగప్ప చెయ్యి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి అడిగాడు.

"నీకు తెలీదా అప్పా? శుక్రవారం నీ వెనకే గదా, గ్రానైట్ లారీ కింద పడి చచ్చిపోయినాడు."

"నా వెనకా?"

"నువ్వు నడిరోడ్డులో పోతావుండావు. లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. నిన్ను పక్కకు తోసి, వాడు చిక్కుకున్నాడు. పదిమందిమి నిన్ను పిలిచినాము. నువ్వు తిరిగి చూళ్ళేదు."

కేశవప్ప గ్లాసు బల్ల మీద పెట్టాడు. టీ ఒలికింది.

"నేనంటే వాడికేమి?"

"వాళ్ళ నాయన కూడా ఇట్లే పోయినాడంట." గంగప్ప తన చెవిని తాకి చూపించాడు. "నీకూ వినబడదని నిన్ను చూసిన రోజే కనుక్కున్నాడు."

కేశవప్ప గంగప్ప దగ్గరికి జరిగాడు.

"నా వెనక... ఏమని అరిచేవాడు?"

గంగప్ప చెప్పాడు. కేశవప్ప మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి గంగప్ప చెవిలో నోరు పెట్టి చెప్పాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. రాగిముద్ద, అనపగింజల పులుసు.

"కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసింది?" అడిగాడు కేశవప్ప.

"మూడు మామా," అంది రేణు.

"నాకు ఒక్కటీ వినబడలేదు."

మోహన్‌కుమార్ తల ఎత్తాడు. మునిలక్ష్మమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"రేపు కృష్ణగిరికి పోతాను. చెవులు చూపించుకుంటాను. ఆడ్నుంచి వచ్చి అంజినప్ప ఇంటికి పోతాను."

"ఎవరు, నిన్ను ఒరే అన్నోడింటికా?" అంది మునిలక్ష్మమ్మ, ఏమీ తెలియక.

కేశవప్ప ముద్ద తుంచలేదు.

"ఒరే అనలేదు మునీ. నువ్వు రోజూ చెప్పేదే వాడూ చెప్పినాడు... 'ఓరం పో' అన్నాడు."