అపరిచిత పద్యం

"మళ్లీ సదువు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

దేవిశ్రీ పళ్లు కొరుక్కుంది. అప్పటికే నాలుగుసార్లు చదివింది. ఓడరేవులో తుఫాను హెచ్చరికల మీద సమాచార వ్యాసం అది. ఒకటో నంబరు ఎగరేస్తే ఏమిటి, పదో నంబరు ఎగరేస్తే ఏమిటి అని. తండ్రి మంచం మీద బాసింపట్టు వేసుకుని, గోడవైపు మొహం పెట్టి వింటున్నాడు. పుస్తకంకేసి తలైనా తిప్పడు. తప్పు మాత్రం ఇట్టే పట్టేస్తాడు.

"కామా మింగీసినావు. బస్సు ఎల్లిపోతన్నట్టు ఆ పరుగేటి? గబగబా సదివితే బుర్రకెక్కదు. రెండుసార్లూ అలగే పోయింది."

పోయిన మాట నిజమే. ఓపెన్ టెన్త్‌లో మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి గానీ, తెలుగు దగ్గర రెండుసార్లు తన్నేసింది. వ్యాసం, కథ, పద్యం ఇస్తారు. చదివి, కింద ప్రశ్నలకు జవాబులు రాయాలి. అక్కడే బోల్తా. ఈసారీ పోయిందంటే, గాజువాక కంపెనీలో ఫోన్ల దగ్గర ఇస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోతుంది. జూన్ దాటితే ఆగేది లేదని తెగేసి చెప్పారు.

శ్రీరామ్మూర్తి ఆటోనగర్ షెడ్డులో పనికెళ్లక రెండేళ్లు దాటింది. భార్య కాశమ్మ నాలుగిళ్లలో పాచిపని చేసి ఇల్లు ఈడుస్తోంది. దేవిశ్రీ రోజంతా జిరాక్స్ షాపులో నిలబడి, ఊరందరి సర్టిఫికెట్లూ కాపీలు తీసి ఇంటికొస్తుంది. ఫోన్ల దగ్గర ఉద్యోగం వస్తేనే ఆ ఇంట్లో పొయ్యి సవ్యంగా వెలిగేది.

అంతటి పని తండ్రీకూతుళ్ల చేతిలో పడింది. వాళ్లిద్దరికీ చూడబోతే ఉప్పూ నిప్పూ.

ఉండదా మరి! తొమ్మిదో తరగతిలో దేవిశ్రీ క్లాసు ఫస్టు. ఆడపిల్లకి ఆ చదువు చాలని బడి మాన్పించింది ఈ మహానుభావుడే. టీచర్లు ఇంటికొచ్చి బతిమాలితే, గుమ్మంలోనే నిలబెట్టి పంపేశాడు. ఐదేళ్లయింది. ఇవాళ అదే మనిషి సదువు సదువు అని ప్రాణం తీస్తుంటే ఒళ్లు మండదూ!

పైగా ఆయనదో పద్ధతి. వ్యాసం చదవడం, ప్రశ్న చదవడం, అంతవరకే దేవిశ్రీ వంతు. జవాబు ఆయనే చెప్తాడు. చెప్పింది చెప్పినట్టు రాయాలి. సొంతంగా ఒక్క అక్షరం వేశానని ఒప్పుకుందంటే ఇల్లెగిరిపోయేది.

వ్యాసం అయిపోయింది. తర్వాత కథ. ఉప్పు అమ్ముకునే ముసలమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని పోతుంటే వాన పట్టుకుంది. ఉప్పంతా కరిగి కారిపోయింది. ముసలమ్మ నడిరోడ్డు మీద పకపకా నవ్వింది.

"ముసలమ్మ ఎందుకు నవ్వింది?" దేవిశ్రీ ప్రశ్న చదివింది.

"మతి పోయి. రాయి."

"మతి పోవడమేటి? నెత్తి మీద బరువు దిగిపోయింది కదా, అందుకే..."

శ్రీరామ్మూర్తి దబ్బుమని మంచంపట్టె మీద చరిచాడు. "నిన్నడిగినానా? నువ్వు సెప్పకు. నాను సెప్పిందే రాయి."

"తప్పు సెప్తే తప్పే రాయాలా?"

"తప్పే రాయి!"

'మతి పోయి' అని రాసింది. ఆ ఊపుకి కాగితం చిరిగింది.

"ఏటా గొడవ?" వంటింట్లోంచి కాశమ్మ అరిచింది. "తెల్లారితే పరీక్ష. కొట్టుకు సావడానికి ఎల్లుండి నుంచి బోల్డు టైముంది."

ఇక పద్యం మిగిలింది. రెండే పాదాలు. దేవిశ్రీ ముందు లోపల చదువుకుంది. తర్వాత గొంతు పెంచి, ఒక్కో మాటా విరిచి, తండ్రి చెవిలో పోస్తున్నట్టు పైకి చదివింది.

"మొక్క పెరుగనీక మొదలు నరికినాడు,
ఎండ తగిలి పిదప నేడ్చినాడు."

ఆగి, ప్రశ్న కూడా చదివింది. "మొక్కను నరికినవాడు ఎందుకు ఏడ్చాడు?"

శ్రీరామ్మూర్తి గోడవైపు ఇంకాస్త జరిగాడు.

"జవాబు సెప్పు నాన్నా. నాను సెప్పకూడదు కదా."

"ఈ పద్యం వద్దు. ఇంకోటి సదువు."

"రేపు ఇదే వచ్చీస్తే?"

"వద్దన్నానా!" ఒంటికాలి మీద లేచాడు.

దేవిశ్రీ పుస్తకాన్ని నేలకేసి కొట్టింది. "రేపు హాల్లో పెన్ను నా సేతిలో ఉంటాది. నాకు తోచింది గీకీసి వచ్చీగలను. ఆపుతావేటి? ఉద్యోగం పోతాదంటావు. పోనీ! నాకు బడి పోలేదా?"

శ్రీరామ్మూర్తి మళ్లీ మంచం మీద కూలబడి గోడవైపు తిరిగాడు. ఆ మనిషి కూతురి ముందు వెనక్కి తగ్గడం అదే మొదటిసారి. దేవిశ్రీకి కడుపు చల్లబడింది. జాలి మాత్రం వెయ్యలేదు.

పొద్దున్న ఇద్దరూ ఒకే ఆటోలో పరీక్ష కేంద్రానికి వచ్చారు. గది గుమ్మం దగ్గర ఇన్విజిలేటర్ కుసుమకుమారి వాళ్లను ఆపి, కాగితాలు తిరగేసింది.

"ఏం చదివావమ్మా?"

"తొమ్మిది," అంది దేవిశ్రీ.

"పదికి ఎందుకు వెళ్లలేదు?"

"మాన్పించీసారు."

"ఎవరు?"

దేవిశ్రీ నోరు విప్పేలోపే, "నానే మేడమ్," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"పోన్లెండి, మంచిదే అయింది, పది చదివిన పిల్లయితే ఈ పనికి ఒప్పుకోం," అంటూ కుసుమకుమారి, చూపు లేని అభ్యర్థి శ్రీరామ్మూర్తి హాల్‌టికెట్టు నంబరు పక్కన, అతనికి ప్రశ్నలు చదివి వినిపించి జవాబులు రాసిపెట్టే మనిషిగా దేవిశ్రీ పేరు రాసుకుంది.