ఆరిన బల్బు

మల్లన్న తన అజాగ్రత్త వల్లే చచ్చిపోయాడని మీ కంపెనీ ప్రమాద రిపోర్టులో రాశారు మామయ్యా. అది పచ్చి అబద్ధం.

నాకు కరెంటు పని నేర్పింది ఏ కాలేజీ కాదు, మల్లన్నే. పని మధ్య స్మోకో బ్రేకులో టీ తాగుతూ, టార్చి బ్యాటరీ, చిన్న బల్బు, రెండు తీగలు ముందేసుకుని చెప్పేవాడు. "దారి యాడ తెగినా బల్బు ఆరుతది తమ్మీ. కరెంటు పారుడు ఆగుతది గానీ, తీగల వోల్టేజి అట్లనే ఉండొచ్చు. ముట్టుకుంటే నువ్వే దారయితవు. ఆరిన బల్బును నమ్మకు, టెస్టర్‌ను నమ్ము."

అలాంటి మనిషిది అజాగ్రత్తా?

క్వేకర్స్ హిల్‌లోని ఆ పాత ఇంట్లో ఎవరో స్విచ్‌ను కరెంటు వచ్చే తీగకు కాక, తిరిగి వెళ్లే తీగకు బిగించారు. నేను స్విచ్ ఆపగానే లైటు ఆరింది. మల్లన్న నిచ్చెన ఎక్కుతూ అడిగాడు.

"టెస్టర్ పెట్టినవా?"

టెస్టర్ వ్యాన్‌లో ఉంది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ.

"పెట్టిన అన్నా" అన్నాను.

ఆయన బల్బును నమ్మలేదు మామయ్యా, నన్ను నమ్మాడు.

మీ అక్క కొడుకునని నా పేరు దాచారు. నిన్న వదిన నా చేతులు పట్టుకునే ఏడ్చింది. "మీ అన్న గంత సోయి లేకుండ ఎట్ల చేసిండు తమ్మీ?"

రిపోర్టులో ఆయన తప్పు కొట్టేసి నా పేరు రాయండి. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు రాశామని జవాబివ్వండి. ఆ తర్వాత వదినకు నేనే చెబుతాను.