తూనీగ గిన్నె

“ఆ గిన్నె ఆవిడకి ఎవరిచ్చారో అడుగు,” అంది సుమినో.

మధ్యాహ్నపు గంజి తెచ్చిన ఆసుపత్రి ఆయా థోవా, ఆమె మంచం పక్క బల్ల సర్దుతూ ఆగిపోయింది. “ముందు మీరు తినండమ్మా, చల్లారిపోతుంది.”

“నా తిండి సంగతి నేను చూసుకుంటాను. మీ ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే భాష. అడుగు.”

పక్క మంచం మీద వియత్నాం వృద్ధురాలు లుయెన్ దిండ్లకు చేరగిలబడి తాపీగా గంజి తాగుతోంది. ఆసుపత్రివారి ప్లాస్టిక్ గిన్నెలో పెట్టినన్నాళ్ళూ ఆమె మెతుకు ముట్టలేదు. పరాయి దేశపు రోగిని ఆమె అలవాటు ప్రకారమే తిననివ్వాలని వైద్యులు తీర్మానించిన మీదట, కూతురు ఇంటినుంచి ఆ గిన్నె తెచ్చి ఇచ్చింది. దోసిట్లో ఇమిడే తెల్లని చిన్న గిన్నె. దాని మీద ఒక నీలి తూనీగ. తడి కాగితం మీద సిరాలాగా దాని రెక్కల అంచులు మెరుపుపూతలోకి చెదిరిపోయి ఉన్నాయి.

ఆ తూనీగను సుమినో చీకట్లోనైనా గుర్తుపట్టగలదు. వియత్నాం వారి పాత గిన్నెల మీద కనిపించే ఆ చెదిరిన నీలం కోసమే, జపానులోని సెతోలో గిన్నెలు కాల్చే తన ఆవం దగ్గర జీవితమంతా ఖర్చుపెట్టిన మనిషి ఆమె భర్త తొకుజో. పెళ్ళైన కొత్తలో ఆయన ఆలుమగలకు జోడు గిన్నెలు చేశాడు. పెద్దది ఆయనకు దక్కింది. చిన్నది ఆవంలో చీలిపోయిందన్నాడు. కాపురమంతా సుమినో బజారులో కొన్న పూలగిన్నెలో తింటూ, ఎదురుగా ఆ పెద్ద తూనీగను చూస్తూ గడిపింది. ఆయన శవపేటిక గడప దాటిన రోజున, మనిషి పోయాకే ఆ మనిషి గిన్నె పగలగొట్టాలన్న ఆచారం ప్రకారం ఆయన గిన్నెను తన చేతులతోనే గుమ్మపు రాతి మీద పగలగొట్టింది.

చిన్నది ఇదిగో, ఇప్పుడు మరొక ఆడదాని పెదవులకు ఆని ఉంది.

థోవా తమ భాషలో అడిగింది. లుయెన్ ముఖం వెలిగింది.

“ఒక కుమ్మరి పెద్దాయన ఇచ్చారటమ్మా. తొకుజో గారని.”

“ఎంతకి?”

“ఊరికేనట. డబ్బివ్వబోతే కోప్పడ్డారట.”

“పడరూ మరి! నేను వండిన పులుసు బాగుందని ఒక్కనాడైనా అనని నోరు, బయట ఎంత ధారాళమో!” సుమినో దుప్పటి అంచును పిడికిట బిగించింది. “చూడమ్మాయ్, కాస్త వంకరొస్తే చాలు, ఆయన సుత్తి పట్టుకునేవారు. మా ఆవం వెనక పెంకులు గుట్టలుగా పడున్నాయి. మా స్వంత తమ్ముడు అడిగినా లోపమున్న గిన్నె ఒక్కటీ గడప దాటనివ్వలేదు. అలాంటి మనిషి ఈవిడకి చెక్కుచెదరకుండా ఇచ్చారంటే, ఏమనుకోమంటావు? ఆవిడింటికి వెళ్ళేవారా?”

థోవా తటపటాయించింది.

“అడగవే!”

“వెళ్ళేవారట. ఆవం విప్పిన మర్నాడల్లా.”

సుమినో నవ్వింది. ఆ నవ్వుకు ఎదుటి మంచం మీది రోగి కూడా తలెత్తి చూసింది.

“ఆవం విప్పిన మర్నాడల్లా నడుం నొప్పనేవారు మహానుభావుడు. వేడినీళ్ళ స్నానానికి వెళ్ళొస్తాననేవారు. తువ్వాలు మడతపెట్టి చేతికిచ్చింది నేనే!”

“అమ్మా, ఆవిడ ఇంకా చెబుతున్నారు, పూర్తిగా వినండి...”

“విన్నది చాలు.”

లుయెన్‌కు జపాను మాటలు అందలేదు. సుమినో చూపు గిన్నెను వదలకపోవడం మాత్రం అందింది. ముచ్చటపడి చూస్తోందనుకుంది కాబోలు, మిగిలిన గంజి గబగబా తాగేసి, అంచు తుడిచి, రెండు చేతులతో గిన్నెను మర్యాదగా అందించింది.

సుమినో అందుకుంది. బోర్లించి చూసింది. అడుగున తొకుజో ముద్ర ఉంది. ఇన్నేళ్ళ తర్వాత తొలిసారి తన గిన్నె తన అరచేతిలో సరిగ్గా అమరింది. ఆ అమరికనే ఆమె భరించలేకపోయింది. చెయ్యెత్తి నేలకేసి కొట్టింది.

లుయెన్ పెంకుల వైపు చూడనే లేదు. సుమినో ముఖంలోకే చూస్తూ, చేతులు జోడించి ఏదో గొణుగుతోంది.

“ఏమిటట? శాపనార్థాలా?”

“కాదమ్మా.” థోవా మోకాళ్ళ మీద కూర్చుని పెంకులు ఏరుతోంది. “మీరు కొట్టిన తీరు చూసి మీరే ఆయన భార్య అని గ్రహించారట. మీకేమీ కాకూడదని దండం పెట్టుకుంటున్నారు.”

“నాకేమవుతుంది?”

“ఈవిడ అక్కడ మా దేశంలో, వాళ్ళ ఊరు బాత్ చాంగ్‌లో గిన్నెల మీద బొమ్మలు వేసేవారట. నీలం సరిగ్గా చెదిరిందో లేదో చెప్పమని ఆయన చూపించడానికి తెచ్చేవారట. కూతురు అటూ ఇటూ మాట చెప్పేదట. ప్రతి ఆవంలోనూ మీ చిన్న గిన్నె మళ్ళీ చేసేవారటమ్మా. ఈవిడ బాగుందన్నా వినకుండా, ‘మా ఆవిడకి ఇది చాలదు’ అని ఈవిడింట్లోనే వదిలేసి వెళ్ళేవారట. సరైనది వచ్చేదాకా మీకు తెలియనివ్వొద్దన్నారట. వాళ్ళింట్లో ఇంటిల్లిపాదీ తినేది మీ గిన్నెల్లోనేనట.”

సుమినో పెదవులు తెల్లబడ్డాయి. “చాలదని నేను చెప్పానా? ఒక్కసారి నన్నడిగారా?” నేల వైపు చూడకుండా అంది. “పోనీ, నచ్చనివన్నీ పగలగొట్టిన మనిషి, వీటినెందుకు పగలగొట్టలేదట?”

థోవా ఏరిన పెంకులను పళ్ళెంలో పెట్టింది.

“ఈవిడా అదే అడిగారటమ్మా. ‘ఆవిడ బతికుండగా ఆవిడ గిన్నె నేనెలా పగలగొట్టను?’ అన్నారట.”